మోటారును మరిచిన రోబో లెక్క

చిలుకూరు అనగానే చాలామందికి హైదరాబాద్ శివార్లలోని వీసా బాలాజీ గుడి గుర్తొస్తుంది. ఇది ఆ చిలుకూరు కాదు. సూర్యాపేట జిల్లాలో, కోదాడకు దగ్గర్లో, నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో ఉన్న చిలుకూరు. 1967లో సాగర్ నీళ్లు కాలువలకెక్కాక కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాలు వరికి పెట్టింది పేరయ్యాయి. ఆ వడ్లు ఆడించడానికి మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లులు లేచాయి. కాలువ నీళ్లు అందని మడికి బోరు, బోరుకు మోటారు. మిల్లులో వడ్లు ఎత్తే ఎలివేటరుకు మోటారు, పొట్టు తీసే యంత్రానికి మోటారు, పాలిషుకు మోటారు. కాబట్టి ఈ వైపు జనానికి మోటారంటే ఏమిటో ఎవరూ చెప్పక్కర్లేదు. అది మీట నొక్కితే తిరిగే వస్తువు మాత్రమే కాదని, బోరులో నీటిమట్టాన్ని బట్టి, లైనులో వోల్టేజీని బట్టి, బేరింగును బట్టి ఒక్కోరోజు ఒక్కోలా నడుస్తుందని వాళ్లకు తెలుసు. విచిత్రమేమిటంటే, రోబోలను కంప్యూటర్లో నడిపించి చూసే ఇంజనీర్లలో చాలామంది సరిగ్గా ఈ సంగతినే పక్కన పెట్టేస్తారు. తెరమీది రోబో కీలులో మోటారు ఉండదు. అడిగినంత బలాన్ని అడిగిన క్షణంలో ఇచ్చే ఒక అంకె ఉంటుంది. ఆ అంకె తీసేసి అక్కడ అసలు మోటారును, దాని వైండింగుతో, దాని వేడితో, దానికి కరెంటిచ్చే బ్యాటరీతో సహా కూర్చోబెట్టనిదే తెరమీది నడకను నేలమీద నమ్మలేమన్నది ఈ వ్యాసం వాదన. ఎంత వివరంగా కూర్చోబెట్టాలన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు భయపెట్టేంత పెద్దదేమీ కాదు.

ముందు బోరు మోటారు సంగతే చూద్దాం. త్రీఫేజు సబ్‌మెర్సిబుల్ మోటారుకు వచ్చే వోల్టేజీ ఐదోవంతు పడిపోయిందనుకోండి. మోటారు పుట్టించగల తిప్పుడు బలం, అంటే ఇంజనీర్ల మాటలో టార్క్, ఐదోవంతుతో సరిపెట్టుకోదు. అది వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి మూడోవంతుకు పైగానే పోతుంది. నీళ్లను అదే ఎత్తుకు తోయాల్సిన పని మాత్రం పంపుకు అలాగే ఉంది. దాంతో మోటారు వేగం కాస్త తగ్గి, లోటును ఎక్కువ ఆంపియర్లు లాగి పూడ్చుకుంటుంది. ఆంపియర్లు పెరిగితే వైండింగు వేడెక్కుతుంది, అదీ వర్గం లెక్కనే. బోరులో నీటిమట్టం దిగిపోతే ఇంకో దెబ్బ, ఎందుకంటే సబ్‌మెర్సిబుల్‌ను చల్లబరిచేది దాని చుట్టూ పారే నీళ్లే. ఇందులో ఏది కరెంటు సమస్య, ఏది యంత్రం సమస్య? గీత గీయలేం. వైండింగు షాపులో కాలిన మోటారు విప్పే మెకానిక్ కూడా గీత గీయడు. కాయిల్స్ అన్నీ ఒకే తీరున నల్లబడి ఉంటే ఓవర్‌లోడో, లో వోల్టేజో, షాఫ్టు పట్టేయడమో అంటాడు. కొన్ని కాయిల్స్ మాడి, తక్కినవి రంగు మారకుండా ఉంటే ఒక ఫేజు పోయాక కూడా మోటారు నడిచిందని తేలుస్తాడు. స్టార్ కనెక్షన్ అయితే మూడింటిలో రెండు ఫేజులు మాడతాయి, డెల్టా అయితే ఒకటే. రాగితీగ మీది నలుపును చూసి లైనులో ఏమైందో, పంపులో ఏమైందో చెప్పగలుగుతున్నాడంటే, మోటారు, లోడు, సప్లై ఒకే వ్యవస్థ అన్న ఎరుక అతనికి ఉందన్నమాట. సమీకరణాలు రాయకపోవచ్చు, అంతే తేడా.

ఇదే సంగతి ఊరి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలైనప్పుడు, ఆటోస్టార్టర్లు తీసేయాలని ప్రభుత్వం రైతులను గట్టిగానే కోరింది. భూగర్భజలాల మాట అటుంచండి. కరెంటు పోయి తిరిగి రాగానే ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటార్లన్నీ ఆటోస్టార్టర్ల పుణ్యమా అని ఒక్కసారే లేస్తాయి. లేచేటప్పుడు మోటారు మామూలుకంటే ఐదారు రెట్లు ఆంపియర్లు లాగుతుంది కాబట్టి అందరికీ వోల్టేజీ కుంగుతుంది, కుంగిన వోల్టేజీతో ఏదీ సరిగా లేవదు. విడివిడిగా చూస్తే ఏ మోటారుకూ రోగం లేదు. కలిపి చూస్తేనే రోగం కనిపిస్తుంది. రోబోలోనూ ఇలాంటిదే జరుగుతుంది. నాలుగు కాళ్ల రోబోకు ఒకటే బ్యాటరీ, సాధారణంగా 12 మోటార్లు ఉంటాయి. అది ఎగరబోయే క్షణంలో వాటన్నిటికీ ఒకేసారి బలం కావాలి. ఆ క్షణం గురించి మళ్లీ మాట్లాడుకుందాం.

రోబో చేతినో, నాలుగు కాళ్ల రోబోనో తయారుచేసే ముందు దాన్ని కంప్యూటర్లో కడతారు. ప్రతి భాగానికీ పొడవు, బరువు, ఆ బరువు ఎక్కడెక్కడ ఎంత ఉందన్న లెక్క ఇస్తారు. ప్రతి కీలుకూ ఎటు తిరగాలి, ఎంతవరకు తిరగాలి అన్న హద్దు పెడతారు. నేలకు గరుకుదనం ఇస్తారు. ఆపైన న్యూటన్ సూత్రాలను సెకనులో వెయ్యోవంతు చొప్పున జరుపుతూ పోతే తెరమీది రోబో నడుస్తుంది, పడుతుంది, లేస్తుంది. దీన్నే సిమ్యులేషన్ అంటారు. గెజీబో, ముజోకో ఇందుకు పేరున్న సాఫ్ట్‌వేర్లు. ముజోకోను 2021లో డీప్‌మైండ్ కొని, 2022లో మూల కోడ్‌తో సహా అందరికీ తెరిచేసింది. మంచి ల్యాప్‌టాప్ ఉన్న ఏ విద్యార్థికైనా ఇప్పుడిది అందే పనే. భాగాల కదలిక, కీళ్లు, నేలను తాకడం వంటి విషయాల్లో ఈ సాఫ్ట్‌వేర్లు దిట్టలు. మోటారు దగ్గరకొచ్చేసరికి మాత్రం వాడేవాళ్లు మామూలుగా రాసేది ఒక్క వరుస: ఈ కీలుకు గరిష్ఠ టార్క్ ఇంత. ముజోకోలో ‘మోటార్’ అనే పేరుతోనే ఉన్న మామూలు భాగం ఇచ్చిన ఆదేశాన్ని నేరుగా టార్క్‌గా మార్చి కీలుకు అంటిస్తుంది. అందులో వైండింగు లేదు, వోల్టేజీ లేదు, వేడి లేదు. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ల తప్పు కాదిది. కావాలంటే వివరాలు చేర్చుకునే వీలు వాళ్లు ఉంచారు. చేర్చుకోకుండానే ఫలితాలు నమ్మేయడం మన అలవాటు.

నిజమైన డీసీ మోటారులో రెండు సంబంధాలు జంటగా నడుస్తాయి. ఒకటి, టార్క్ ఆంపియర్లను బట్టి ఉంటుంది. రెండు, తిరిగే మోటారు తనే జనరేటర్‌లా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది, అది వేగాన్ని బట్టి పెరుగుతుంది. రెండింటికీ స్థిరాంకం ఒకటే. చిన్న లెక్క వేసి చూద్దాం. 24 వోల్టుల మోటారు, వైండింగు నిరోధం 0.5 ఓం, స్థిరాంకం 0.05, గేరు నిష్పత్తి 50. గేరులో నష్టాలు ప్రస్తుతానికి లేవనుకుందాం. మోటారును తిరగనివ్వకుండా పట్టి ఉంచితే 48 ఆంపియర్లు లాగి, గేరు తర్వాత 120 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. తెరమీది రోబోకు ‘గరిష్ఠ టార్క్’ అని రాసే అంకె చాలాసార్లు ఇదే. ఆ స్థితిలో వైండింగులో 1150 వాట్లకు పైగా వేడి పుడుతుంది, పిడికిలంత మోటారులో ఒక ఇస్త్రీ పెట్టె వేడి అన్నమాట. ఇప్పుడు కీలు సెకనుకు 8 రేడియన్ల వేగంతో, అంటే సెకనుకు ఒకటింబావు చుట్టు చొప్పున తిరుగుతోందనుకోండి. మోటారు దానికి 50 రెట్ల వేగంతో తిరుగుతూ 20 వోల్టుల ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. మిగిలింది 4 వోల్టులు. దానితో 8 ఆంపియర్లు, కీలు దగ్గర 20 న్యూటన్ మీటర్లు. కాగితం మీది 120లో మిగిలింది ఆరోవంతు. బ్యాటరీ దిగి 21 వోల్టులకు వచ్చిందా, మిగిలేది 1 వోల్టు, వచ్చేది 5 న్యూటన్ మీటర్లు. అర మీటరు చేతి చివర 2 కిలోల బరువు నిలబెట్టడానికే దాదాపు 10 కావాలి. బ్యాటరీ నిండా ఉన్నప్పుడు ఎత్తగలిగిన చేయి, బ్యాటరీ సగమయ్యాక అదే వేగంలో ఎత్తలేదు. ఒక్క అంకె పెట్టిన సిమ్యులేషన్ మాత్రం రెండుసార్లూ ఎత్తినట్టే చూపిస్తుంది.

గేరు కూడా ఊరికే ఉండదు. నిష్పత్తి 50 అయితే మోటారు లోపలి రోటారు జడత్వం కీలు దగ్గరకొచ్చేసరికి 50 రెట్లు కాదు, 2500 రెట్లవుతుంది. నిష్పత్తి 200 అయితే 40 వేల రెట్లు. వేలెడంత రోటారు తన చేతిని మించిన బరువుగా కీలుకు తగులుతుంది. సిమ్యులేషన్‌లో రోబో చేతిని తోస్తే తేలిగ్గా ఊగుతుంది, నిజం చేతిని తోస్తే గోడలా నిలబడుతుంది. గేరు పళ్ల మధ్య సందు, గ్రీజు చిక్కదనం, మొదట కదలడానికి మొరాయించే రాపిడి, ఇవన్నీ దీనికి తోడు. పైగా మోటారు దానంతటదే బ్రేకులా కూడా పనిచేస్తుంది. అయస్కాంతాలున్న ఏ చిన్న డీసీ మోటారు దొరికినా దాని రెండు తీగలను ఒకదానికొకటి కలిపి షాఫ్టును వేళ్లతో తిప్పి చూడండి, బరువుగా తిరుగుతుంది. తీగలు విడదీస్తే తేలికవుతుంది. లోపల మారింది కరెంటు దారి, చేతికి తెలిసింది యాంత్రికమైన బరువు.

గేరు పెట్టే ఈ చిక్కును వదిలించుకోవడానికి జరిగిన ఒక ముఖ్యమైన ప్రయత్నం తెలుగువాడు నడిపిన సంస్థలోనే జరిగింది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన దబ్బల రాజగోపాల్ రెడ్డి, లోకానికి రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1979లో మొదలైన రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి డైరెక్టర్. కృత్రిమ మేధలో కృషికి 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నది ఆయనే. ఆయన డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో, 1981లో, హరుహికో అసదా, తకేవో కనాదే అనే జపాన్ పరిశోధకులు అక్కడ గేరే లేని రోబో చేతిని తయారుచేశారు. మోటారును నేరుగా కీలుకే బిగించారు. గేరు లేదు కనుక పళ్ల సందు లేదు, రాపిడి నామమాత్రం, రోటారు జడత్వం రెట్లు రెట్లుగా పెరగడమూ లేదు. అయితే గేరు తీసేస్తే మోటారు నెమ్మదిగా తిరుగుతూనే పెద్ద టార్క్ ఇవ్వాలి, అంటే ఆంపియర్లు, అంటే వేడి. బలమైన రేర్ ఎర్త్ అయస్కాంతాలతో మోటార్లు అందుబాటులోకి రాబట్టి వాళ్ల ప్రయత్నం నిలబడింది. గమనించాల్సింది ఏమిటంటే, చేతి ఆకారం ఎలా ఉండాలి, బరువు ఎక్కడ ఉండాలి అన్న యాంత్రిక నిర్ణయాలను ఇక్కడ అయస్కాంతం బలమే శాసించింది. ఆ దారి ఇవాళ్టికీ సాగుతోంది. మసాచుసెట్స్‌లోని ఎంఐటీ చీతా రోబోలు గేరును పూర్తిగా తీసేయకుండా కొద్ది రెట్లు మాత్రమే ఉంచుకుని, మోటారు లాగే ఆంపియర్లను బట్టే కాలికి నేల ఎంత బలంగా తగిలిందో అంచనా కడతాయి. మోటారు మీటరు, కాలి స్పర్శ అక్కడ ఒకటే అయిపోయాయి.

ఇది సిద్ధాంతమే కదా, మోటారును చేర్చినందువల్ల నిజంగా లాభం కలిగిందా అని అడగడం న్యాయమే. 2018లో గూగుల్ పరిశోధకులు మినిటార్ అనే చిన్న నాలుగు కాళ్ల రోబోకు సిమ్యులేషన్‌లోనే నడక, పరుగు నేర్పి, నేర్చిన ప్రోగ్రామ్‌ను నేరుగా నిజం రోబోలో పెట్టారు. తెరకూ నేలకూ మధ్య తేడాకు ముఖ్య కారణాలు రెండని వాళ్లు తేల్చారు: మోటారు నమూనా సరిగా లేకపోవడం, ఆదేశానికీ కదలికకూ మధ్య జాప్యాన్ని లెక్కలోకి తీసుకోకపోవడం. ఎదురు వోల్టేజీతో, బ్యాటరీ వోల్టేజీతో సహా మోటారును రాశాక నేర్చిన నడక నేలమీద నిలిచింది. మరుసటి ఏడాది స్విట్జర్లాండ్‌లోని జూరిక్ ఈటీహెచ్‌లో ఎనీమల్ అనే రోబో దగ్గర ఇదే సమస్య ఇంకో రూపంలో వచ్చింది. దాని కీళ్లలో మోటారు, గేరు, స్ప్రింగు, లోపలి సాఫ్ట్‌వేర్ కలిసి ఉన్నాయి. సమీకరణాలతో అంతా రాయడం కష్టమని, నిజం కీలును కదిలించి కొలతలు తీసుకుని, కోరిన కదలికకు వచ్చే టార్క్ ఎంతో ఊహించే చిన్న న్యూరల్ నెట్‌వర్క్‌ను తయారుచేసి, దాన్ని సిమ్యులేషన్‌కు జోడించారు. కీలు మోటారును ఆదర్శంగా పెట్టి నేర్పిన నడక నిజం రోబో మీద పారలేదు, జోడించాక పారింది. రెండు బృందాలు, రెండు దారులు, రాబట్టిన సంగతి ఒకటే.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఇవాళ్టి డ్రైవులు, అంటే మోటారుకు కరెంటును అదుపు చేసి అందించే పరికరాలు, తెలివైనవి, మోటారు ఆంపియర్లను సెకనుకు వేలసార్లు కొలిచి సరిదిద్దుతాయి, ఇంత టార్క్ కావాలంటే అంతే ఇస్తాయి, కాబట్టి ఆదర్శ మోటారు అనుకోవడంలో తప్పేముంది? చాలావరకు నిజమే. ఫ్యాక్టరీలో నేలకు బోల్టులు వేసి, మెయిన్స్ నుంచి కరెంటు తీసుకుని, తయారీదారు చెప్పిన హద్దుల్లో పనిచేసే చేతికి ఒక్క అంకె చాలు. అక్కడ వైండింగు దాకా పోవడం వృథా శ్రమే. కానీ డ్రైవు ఎంత తెలివైనదైనా లేని వోల్టేజీని పుట్టించలేదు. మనం వదిలేసి వచ్చిన ఎగరబోయే రోబోను చూడండి. ఇందాకటి మోటార్లే 12, కీళ్లన్నీ అదే వేగంలో ఉన్నాయి. బ్యాటరీ, తీగలు కలిపి నిరోధం 0.03 ఓం అనుకుందాం. విడిగా ఒక్కో మోటారు 8 ఆంపియర్లు లాగాలి. అన్నీ ఒక్కసారి లాగబోయేసరికి బ్యాటరీ కుంగుతుంది, కుంగితే మోటార్లు లాగేది తగ్గుతుంది, చివరికి దాదాపు 22.3 వోల్టుల దగ్గర తూకం కుదురుతుంది. తలా 4.65 ఆంపియర్లు. 20 న్యూటన్ మీటర్లు రావాల్సిన చోట 11.6 వస్తుంది. ఈ అంకెను మోటారు లెక్క ఒక్కటే చెప్పలేదు, యంత్రం లెక్క ఒక్కటే చెప్పలేదు, బ్యాటరీతో కలిపి మూడూ ఒకేసారి పరిష్కరిస్తేనే దొరుకుతుంది. ఇంకో మాట కూడా ఉంది. ఇప్పుడు రోబోలకు నడక నేర్పేది ఎక్కువగా తప్పులు చేస్తూ దిద్దుకునే ప్రోగ్రామ్‌లు. సిమ్యులేషన్‌లో ఎక్కడ లొసుగు ఉంటే అవి అక్కడికే పోతాయి. అపరిమితంగా బలమిచ్చే మోటారు ఉందని తెలిస్తే, ఆ బలం మీదే ఆధారపడిన నడకను కనిపెడతాయి. మనిషి డిజైనర్ జాగ్రత్తపడి హద్దుకు దూరంగా ఉంటాడు, ప్రోగ్రామ్‌కు ఆ మొహమాటం లేదు.

రెండో అభ్యంతరం ఖర్చు గురించి. డ్రైవులోని స్విచ్చులు సెకనుకు 20 వేలసార్లు ఆడొచ్చు, వైండింగులో ఆంపియర్లు నిలదొక్కుకోవడానికి వెయ్యోవంతు సెకను పట్టొచ్చు, రోబో అడుగు వేయడానికి అర సెకను పడుతుంది. స్విచ్చు ఆటను కూడా అనుసరించాలంటే సెకనులో పదిలక్షల వంతు చొప్పున లెక్క జరపాలి, అప్పుడు గంటలో అయ్యేది వారాలు పడుతుంది. ఈ లెక్క సరైనదే, కానీ స్విచ్చుల ఆటను అనుసరించమని ఎవరన్నారు? వాటి సగటు చాలు. ఆంపియర్లు నిలదొక్కుకునే వెయ్యోవంతు సెకనునూ చాలాసార్లు వదిలేయొచ్చు. నిరోధం, ఎదురు వోల్టేజీ, బ్యాటరీ కుంగుబాటు, గేరు జడత్వం, రాపిడి, వైండింగు వేడి ఉంచుకుంటే కంప్యూటర్‌కు పడే అదనపు భారం లెక్కలోది కాదు. వేడిని ఎందుకు ఉంచాలంటే, రాగి వంద డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 39 శాతం పెరుగుతుంది, పొద్దున ఎత్తిన బరువును మధ్యాహ్నం ఎత్తకపోవచ్చు. డ్రైవు డిజైన్ చేసేవాడికి స్విచ్చులు కావాలి, నడక డిజైన్ చేసేవాడికి అక్కర్లేదు. ఏ ప్రశ్న అడుగుతున్నామో తేల్చుకోకుండా ‘అంతా వివరంగా’ అనడం ఒక తప్పు, ‘ఏదీ వద్దు’ అనడం ఇంకో తప్పు.

అయితే జోడించడంలోనే ఒక మెలిక ఉంది, దాన్ని దాచిపెడితే పాఠకుడికి అన్యాయం చేసినట్టే. మోటారు లెక్క ఒక సాఫ్ట్‌వేర్లో, యంత్రం లెక్క ఇంకోదానిలో నడుస్తుంటే, అవి మధ్యమధ్య ఆగి కబురు ఇచ్చిపుచ్చుకోవాలి. మోటారు టార్క్ చెబుతుంది, యంత్రం వేగం చెబుతుంది. ఈ కబురు ఆలస్యమైతే మోటారు పాత వేగాన్ని చూసి టార్క్ లెక్కగడుతుంది. బ్రేకు వేయాల్సిన చోట తోస్తుంది, తోయాల్సిన చోట బ్రేకు వేస్తుంది. తెరమీద రోబో వణకడం మొదలవుతుంది. నిజం రోబోలో ఆ వణుకే ఉండదు. తప్పు మోటారులోనూ లేదు, యంత్రంలోనూ లేదు, రెండింటి నడుమ ఉంది. ఇలాంటి ఇచ్చిపుచ్చుకోవడానికి కార్ల పరిశ్రమ చొరవతో 2010లో ఎఫ్ఎంఐ అనే ఉమ్మడి ప్రమాణం వచ్చింది, 2022లో దాని మూడో రూపం వెలువడింది. ఏ కంపెనీ సాఫ్ట్‌వేర్లో రాసిన నమూనానైనా దీనితో ఇంకోదానికి తగిలించవచ్చు. తగిలించిన తర్వాత చేయాల్సిన పరీక్ష సులువైనది. టార్క్‌ను వేగంతో గుణిస్తే వాట్లు. మోటారు ఇచ్చానన్న వాట్లు, కీలు పుచ్చుకున్నానన్న వాట్లు సరిపోవాలి. సరిపోకపోతే ఎక్కడో లేని శక్తి పుడుతోందన్నమాట, ఆ సిమ్యులేషన్‌ను మూసేసి కబురు వ్యవధి తగ్గించాలి.

మోటారు స్థిరాంకాలను అటూ ఇటూ మార్చి వేల రకాల రోబోల మీద నేర్పితే, ఏదో ఒక రకం నిజానికి దగ్గరగా ఉంటుంది కదా, కచ్చితమైన నమూనా ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. ఆ పద్ధతి పనిచేస్తుంది, దాన్ని కాదనక్కర్లేదు. కానీ మార్చేది ఏ చట్రంలోని అంకెలను? ఎదురు వోల్టేజీ అనేదే లేని నమూనాలో అంకెలు ఎన్ని మార్చినా వేగంతో పాటు బలం తగ్గడం అన్న సంగతి పుట్టదు. ముందు సంబంధం ఉండాలి, ఆ తర్వాతే అంకెల్లో అనిశ్చితి. కొలతల నుంచి నేర్చిన న్యూరల్ నెట్‌వర్క్‌కూ ఇలాంటి పరిమితే ఉంది. నిండు బ్యాటరీతో, చల్లటి మోటారుతో తీసుకున్న కొలతలు దిగిన బ్యాటరీ గురించి, వేడెక్కిన వైండింగు గురించి ఏమీ చెప్పవు.

ఇక సిమ్యులేషన్ గొడవంతా ఎందుకు, తయారుచేసి పరీక్షిస్తే పోదా అనేవారికి శ్రీహరికోట వైపు చూపించాలి. 2024 డిసెంబర్ 30న అక్కడి నుంచి ఎగిరిన పీఎస్ఎల్‌వీ సీ60 రాకెట్ నాలుగో అంచె మీద, పోయెమ్ 4 వేదికలో, ఇస్రో ఏడు కీళ్ల నడిచే రోబో చేతిని పంపింది. తిరువనంతపురంలోని ఇస్రో ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ దాన్ని తయారుచేసింది. బరువు లేని చోట తిరిగే చేతిని బరువున్న నేలమీద ఉన్నదున్నట్టు పరీక్షించడం కుదరదు. 1981లో మొదటిసారి అంతరిక్షానికి వెళ్లిన కెనడా రోబో చేయి కక్ష్యలో భారీ ఉపగ్రహాలను కదిలించేది, భూమ్మీద మాత్రం తన బరువు తానే ఎత్తుకోలేకపోయేది. పైన గాలి లేదు కాబట్టి మోటారు వేడి గాలిలోకి పోదు. చేయి ఒకవైపు తిరిగితే దాన్ని మోసే వేదిక రెండోవైపు తిరగబోతుంది. నేలమీది పరీక్ష చెప్పలేని ఇలాంటి చోట కలిపి వేసిన లెక్కే ఆధారం. పొలంలో మందు కొట్టే డ్రోనో, మ్యాన్‌హోల్ శుభ్రం చేసే యంత్రమో అయితే పరీక్షించవచ్చు, నిజమే. కానీ ప్రతి తప్పుకూ ఒక మోటారు కాలుతుంది, ఆ ఖర్చు భరించలేని చోటే లెక్క విలువ ఎక్కువ.

ఈ పనికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. పల్లె పిల్లలకు సాంకేతిక విద్య అందాలని 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైన ట్రిపుల్ ఐటీల ఆలోచన వెనక ఉన్నది కూడా రాజ్ రెడ్డే. అక్కడైనా, కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట చుట్టుపక్కల పాలిటెక్నిక్‌లు, ఇంజనీరింగ్ కాలేజీల్లోనైనా ఒక చిన్న డీసీ మోటారు, ఒక మల్టీమీటరు, ఒక డ్రిల్లింగు మెషీను, చుట్లు కొలిచే మీటరు ఉంటే మొదలుపెట్టొచ్చు. మల్టీమీటరుతో వైండింగు నిరోధం వస్తుంది. షాఫ్టును కాస్త కాస్త తిప్పి నాలుగైదు చోట్ల కొలిచి సగటు తీసుకోవాలి. డ్రిల్లుతో మోటారును తిప్పి, దాని తీగల మధ్య వోల్టేజీ చూస్తే స్థిరాంకం వస్తుంది. నిమిషానికి వెయ్యి చుట్లకు 5.2 వోల్టులు చూపిస్తే అది 0.05. కరెంటు ఆపేశాక ఎంతసేపట్లో ఆగిందో చూస్తే రాపిడి అంచనా తెలుస్తుంది. ఈ అంకెలను ఉచితంగా దొరికే ఓపెన్‌మోడెలికా అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్లోనో, ముజోకోలోనో పెట్టి, తెరమీది చేతినీ బల్లమీది చేతినీ పక్కపక్కన కదిలించి చూడాలి. అడ్డంకి పరికరాలది కాదు. మన కాలేజీల్లో మోటారు ట్రిపుల్ఈ బ్రాంచిది, గేరు మెకానికల్ బ్రాంచిది, ప్రోగ్రామ్ కంప్యూటర్ సైన్స్‌ది, ముగ్గురూ ఒకే ప్రాజెక్టుకు కూర్చునే ఏర్పాటు అరుదు. ప్రాజెక్టు గైడ్లుగా ఉన్న అధ్యాపకులకు ఒక మనవి: వచ్చే ఏడాది చివరి సంవత్సరం ప్రాజెక్టుల్లో ఒక్కదానికైనా మూడు బ్రాంచీల పిల్లలను కలిపి పెట్టండి, వాళ్లను మొదటి వారం ఊళ్లోని మోటారు వైండింగు షాపుకు పంపండి.